ఆడియో క్లిప్పులను జరపడం: అపోహలు - వాస్తవాలు

తెలుగు శ్రవణ పుస్తకాలను ఎడిట్ చేయడం నా వృత్తి. చదివిన వాక్యాలను ముక్కలుగా, అంటే క్లిప్పులుగా, కోయడం, వాటిని టైమ్‌లైన్ మీద ముందుకో వెనక్కో జరపడం, నడుమ ఏర్పడిన ఖాళీలను సరిచూడడంతోనే నా రోజు గడుస్తుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారిలో చాలామంది ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే మొదలుపెడతారు కనుక ఉదాహరణలు ఎక్కువగా అందులోంచే ఇస్తున్నాను.

అపోహ: క్లిప్‌ను పదేపదే జరిపితే నాణ్యత తగ్గుతుంది.

తగ్గదు. సెకనుకు 44,100 శాంపిళ్ల (ధ్వని కొలతల) చొప్పున రికార్డయిన ధ్వని అంకెల వరుస మాత్రమే. క్లిప్‌ను జరిపినప్పుడు ఆ వరుస ఏ క్షణాన మొదలవ్వాలన్నది మారుతుంది గాని అంకెలు మారవు. పని మధ్యలో ఎంపీ3గా ఎగుమతి చేసి, దాన్నే మళ్లీ తెరిచి కోసి, మళ్లీ ఎంపీ3గా చేసేవారికి మాత్రం ప్రతిసారీ కొంత నష్టం తప్పదు. ఆ తప్పు చేస్తూ నింద క్లిప్ మీద వేయడం సరికాదు.

అపోహ: జరపడానికి ప్రత్యేకమైన టూల్ ఎంచుకోవాలి.

ఇది పాత పాఠాల నుంచి మిగిలిపోయిన మాట. 2021లో వచ్చిన 3.1 వెర్షన్‌తో ఆడాసిటీలో టైమ్ షిఫ్ట్ టూల్‌ను తీసేశారు. ఇప్పుడు క్లిప్ పైనున్న పట్టీని పట్టుకుని లాగితే సరిపోతుంది.

అపోహ: అంచు లాగి కత్తిరించిన మాట ఇక లేనట్టే.

అదే వెర్షన్ నుంచి కత్తిరించిన భాగం చెరిగిపోకుండా క్లిప్‌లోనే దాగి ఉంటోంది. అంచును వెనక్కి లాగితే అది మళ్లీ బయటపడుతుంది. పొరపాటు దిద్దుకోవడానికి ఇది ఎంత మేలో, ప్రాజెక్టు ఫైలును ఇతరులకు పంపేటప్పుడు అంత ప్రమాదం. ఇంటర్వ్యూ ఇచ్చినవారు తీసేయమన్న వాక్యం అందులోనే ప్రయాణం చేస్తుంది. అందుకే నేను బయటికి, వినిపించే ధ్వని మాత్రమే ఉండే వేవ్ ఫైలే పంపుతాను.

అపోహ: ఒక వాక్యం తీసేస్తే మిగతాదంతా తనంతట తానే సర్దుకుంటుంది.

ఖాళీని మూసే అమరికలో డిలీట్ నొక్కితే గొంతు ట్రాక్‌లోని తరువాతి మాటలు ఎడమకు జరుగుతాయి గాని, కింది సంగీతపు ట్రాక్ కదలదు. తొలినాళ్లలో నేను ఒక కథలో మొదట్లోని మూడు సెకన్ల మాటను తీసి, వినకుండానే ఎగుమతి చేశాను. తలుపు చప్పుడయ్యేలోపే పాత్ర ‘ఎవరది?’ అని అడిగేసింది! స్ప్లిట్ డిలీట్ వాడితే ఖాళీ అలాగే మిగిలి, తరువాతివి చోటు మారవు. సింక్-లాక్ పెడితే ట్రాక్‌లన్నీ కలిసి జరుగుతాయి, కాని ఆ చోట సంగీతం సాగుతూ ఉంటే దాన్నీ కోసేస్తుంది. ప్రో టూల్స్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో షఫుల్ (ఖాళీని మూసేది), స్లిప్ (ఖాళీని వదిలేసేది) మోడ్‌ల మధ్య తేడా, రీపర్ అనే ఇంకో దానిలో రిపుల్ ఎడిటింగ్ కూడా తరువాతివి జరగాలా, వద్దా అన్న ప్రశ్నకు సమాధానాలే.

అపోహ: తెర మీద ధ్వని గీత చదునుగా కనిపించిన ప్రతిచోటా నిర్భయంగా కోయవచ్చు.

నాకు ఎక్కువ పని పెట్టేది ఈ నమ్మకమే. గదిలో ఎవరూ మాట్లాడనప్పుడు కూడా ఫ్యాను, ఏసీ, వీధి కలిసిన సన్నని హోరు ఒకటి ఉంటుంది. క్లిప్పుల నడుమ దాన్ని పూర్తిగా తీసేస్తే, శ్రోతకు మాట మాటకూ ఎవరో గది తలుపు మూసి తెరిచినట్టు వినిపిస్తుంది. అందుకే ప్రతి రికార్డింగు ముందు అర నిమిషం పాటు ఖాళీ గదిని రికార్డు చేసుకుని, ఆ ముక్కలతో సందులు పూడుస్తాను. అతుకు దగ్గర ‘టప్’మనే శబ్దం వస్తే, ఆడాసిటీలో జడ్ కీ నొక్కి కోతను తరంగం సున్నాను దాటే బిందువుకు చేర్చడమో, కొన్ని మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతుండగా మరొకటి పెరిగేలా కలపడం) ఇవ్వడమో చేయాలి.

తెలుగులో మరో చిక్కు ఉంది. ‘అట్టు’ అన్న మాటను తెర మీద పెద్దది చేసి చూస్తే, ‘అ’ తరువాత గీత పూర్తిగా పడిపోయి, కొద్ది వ్యవధి తరువాత మళ్లీ లేస్తుంది. ఆ నిశ్శబ్దమే ద్విత్వం. దాన్ని ఖాళీ అనుకుని సగం కోసి మిగతాది దగ్గరకు జరిపితే ‘అట్టు’ కాస్తా ‘అటు’ అవుతుంది. సంధి సంగతి ఇంకా కష్టం: ‘రాముడొచ్చాడు’ అని చదివిన వాక్యం నుంచి ‘రాముడు’ను వేరుచేసి ఇంకోచోట పెట్టాలంటే, దాని చివరి ‘ఉ’ ఆ రికార్డింగులో ఎక్కడా ఉండదు. అలాంటప్పుడు నేను అదే గొంతులో, వాక్యం చివర పడని మరో ‘రాముడు’ కోసం వెతుకుతాను. దొరక్కపోతే చదివినవారికి ఫోన్ చేసి ఆ వాక్యం మొత్తం మళ్లీ చదివిస్తాను.