ఫొటో పక్కకి తిరిగిందా? ముందు ఆ స్క్రీన్‌షాట్ ఆపండి

సంక్రాంతి వెళ్లాక, పెళ్లిళ్ల సీజన్ అయ్యాక విశాఖ ద్వారకానగర్‌లోని మా షాపుకి వచ్చే ఫోన్ కాల్స్ ఇంచుమించు ఒకటే రకం. "బాబూ, ఫోన్లో శుభ్రంగా ఉన్నాయి. కంప్యూటర్లో వేస్తే అందరూ పక్కకి పడుకున్నారు. వైరస్సా?" కాదండీ. వైరస్ కాదు, కేబులూ కాదు, హార్డ్ డిస్క్ పోవడమూ కాదు. గ్రూపులో ఎవరో అన్నారని యాంటీవైరస్ కొనేసి రాకండి, అంతే.

అపోహ: ఫొటో పాడైంది. నిటారుగా ఇంకోటి చేసుకుని పాతది తీసేయాలి.

జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. స్క్రీన్ మీద తిప్పి చూసుకుని స్క్రీన్‌షాట్ కొడతారు. లేదంటే వాట్సాప్‌లో తమకే పంపుకుని, అక్కడ సరిగ్గా కనిపించినదాన్ని దించుకుంటారు. ఆ తర్వాత "డబుల్ ఎందుకు, జాగా దండగ" అని ఒరిజినల్ డిలీట్. గుండె గుభేల్‌మనేది నాకు.

వాస్తవం: మీ ఒరిజినల్‌కి ఏమీ కాలేదు. ఫోన్‌ని నిలువుగా పట్టుకున్నా అడ్డంగా పట్టుకున్నా లోపలి సెన్సర్ కదలదు కదా, అది ఎప్పుడూ తన వరుసలోనే బొమ్మ రాసేస్తుంది. మీరు ఏ వైపు పట్టుకున్నారో మాత్రం ఫైల్ లోపల ఎక్సిఫ్‌లో, అంటే ఫొటో వివరాలు రాసుకునే చోట, ఒక అంకె వేస్తుంది. అదే ఓరియెంటేషన్ ట్యాగ్. 1 ఉంటే ఉన్నదున్నట్టు చూపించమని, 6 ఉంటే కుడికి 90 డిగ్రీలు తిప్పమని, 8 ఉంటే ఎడమకి, 3 ఉంటే తలకిందులు చేయమని. పార్సిల్ డబ్బా మీద "ఇటు పైకి" అని బాణం గీసినట్టు. ఆ బాణం చూసే ప్రోగ్రాం సరిగ్గా చూపిస్తుంది, చూడనిది పడుకోబెడుతుంది. విండోస్ 7తో వచ్చిన ఫొటో వ్యూయర్ చూడదు. విండోస్ 8 నుంచి చూస్తున్నాయి. మన ఇళ్లలో పాత డెస్క్‌టాప్‌లు ఇంకా నడుస్తున్నాయి కాబట్టే ఈ గోల.

ఇక స్క్రీన్‌షాట్ లెక్క చూడండి. ఫోన్ ఫొటో 4000 × 3000, అంటే 12 మెగాపిక్సెళ్లు. చాలా పాత లాప్‌టాప్‌ల స్క్రీన్ 1366 × 768. నిలువు ఫొటో అందులో పూర్తిగా పట్టాలంటే మహా అయితే 576 × 768. అర మెగాపిక్సెల్ కూడా లేదు! 4 × 6 ప్రింటు నీట్‌గా రావాలంటేనే 1200 × 1800 కావాలి. పైగా ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు అన్నవి స్క్రీన్‌షాట్‌లోకి రావు. వాట్సాప్‌లో ఫొటోగా పంపినా అంతే, సైజు తగ్గించి, తేదీ ఊడగొడుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ యథాతథంగా వెళ్తుంది.

సీతమ్మధారలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉన్నారు. వాళ్ల షష్టిపూర్తి ఫొటోలన్నిటినీ ఇలాగే ఓపిగ్గా ప్రింట్ స్క్రీన్ కొట్టి, పెయింట్‌లో అతికించి, చుట్టూ కత్తిరించి, పేర్లు పెట్టి సేవ్ చేశారు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశారు, క్రమశిక్షణ గల మనిషి. దండలు మార్చుకునే ఫొటో హాల్లో పెట్టడానికి 12 × 18 వేయించబోతే ల్యాబ్ కుర్రాడు "ఫొటో పగిలిపోతుంది సార్" అన్నాడట. ఆయన నాకు ఫోన్ చేసినప్పుడు వెనకాల అమ్మగారి గొంతు వినిపిస్తూనే ఉంది. అదృష్టం, మెమరీ కార్డు అలాగే పక్కన పడేసి ఉంచారు, దాంట్లోవి డిలీట్ అయినా కొత్తగా ఏమీ తీయలేదు. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో చాలావరకు బయటికి తీశాం. ఫైల్ పేర్లు పోయాయి గానీ తీసిన టైము ఎక్సిఫ్‌లో ఉంది కాబట్టి గణపతి పూజ నుంచి భోజనాల దాకా వరుస కుదిరింది. "ఆ ఎక్సిఫేనా ఇంత పని చేసింది? మొదట నేను తిట్టుకున్నది దాన్నే కదయ్యా" అన్నారు మాస్టారు. మీకూ ఇలా జరిగితే ఆ కార్డు ముట్టుకోకండి, దాని మీద ఇంకేమీ రాయకండి. ఎస్‌ఎస్‌డీ (కొత్త కంప్యూటర్లలో హార్డ్ డిస్క్ బదులు ఉండేది) నుంచి డిలీట్ అయినవాటి మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

అపోహ: తిప్పి సేవ్ చేశా, ఇంకెక్కడ చూసినా నిటారే.

అలా ఏం లేదు. కొన్ని పాత ప్రోగ్రాంలు బొమ్మని తిప్పేస్తాయి కానీ 6ని 1గా మార్చడం మర్చిపోతాయి. మీ కంప్యూటర్లో బాగుంటుంది. ట్యాగ్ చూసే మెషీన్‌లో వేస్తే అది ఇంకోసారి తిప్పుతుంది. "జగదాంబ దగ్గర ల్యాబ్ వాడు చెడగొట్టాడు" అని వాడిని తిట్టకండి. ట్యాగ్‌ని 1 చేస్తే సరిపోతుంది.

అపోహ: తిప్పిన ప్రతిసారీ క్వాలిటీ పడిపోతుంది.

పెయింట్‌లో జేపెగ్ తెరిచి తిప్పి సేవ్ చేస్తే కొంచెం పడిపోతుంది, నిజమే. లాస్‌లెస్‌గా, అంటే బొమ్మని మళ్లీ కుదించకుండా, తిప్పితే పడదు. జేపెగ్‌లో బొమ్మ చిన్న చిన్న గళ్లుగా ఉంటుంది, ఫోన్ ఫొటోల్లో సాధారణంగా 16 × 16 పిక్సెళ్లవి. ఆ గళ్లని విప్పకుండానే తిప్పి, స్థానాలు మారిస్తే చాలు. 4032 × 3024 ఫొటో ఈ గళ్లలో సరిగ్గా ఇమిడిపోతుంది. 4000 × 3000లో 3000ని 16 భాగించదు కాబట్టి అంచున 8 పిక్సెళ్ల పట్టీ పోవచ్చు. కుర్సురా జలాంతర్గామి ముందు దిగిన ఫొటోలో ఆ పట్టీ పోతే మీ మనవడు కూడా కనిపెట్టలేడు.

ఇర్ఫాన్‌వ్యూ అనే ఫొటోలు చూసే ప్రోగ్రాం వేసుకోండి, దాని ప్లగిన్లు (అదనపు ముక్కలు) కూడా. ఫోల్డర్‌కి కాపీ తీసి పక్కన పెట్టాకే మొదలుపెట్టండి. షిఫ్ట్ + జే నొక్కితే లాస్‌లెస్ కిటికీ వస్తుంది, అందులో ఎక్సిఫ్ ప్రకారం ఆటో రొటేట్ ఎంచుకుని, పాత తేదీ ఉంచమని టిక్ పెట్టండి. థంబ్‌నెయిల్స్‌లో (చిన్న బొమ్మల వరుసలో) అన్నీ సెలెక్ట్ చేస్తే ఒకేసారి అయిపోతాయి.

ఇంత చేసినా ముగ్గుల ఫొటోలు, పట్టాదారు పుస్తకాల ఫొటోలు అడ్డంగానే ఉన్నాయంటారా? అక్కడ తప్పు ట్యాగ్‌దే. ఫోన్‌ని నేలకి సమాంతరంగా పెట్టి పైనుంచి తీస్తే పై వైపు ఏదో దానికి తెలియదు, గురుత్వాకర్షణని బట్టే కదా అది దిక్కు కనుక్కునేది. వాటిని చేత్తో తిప్పుకోవాల్సిందే. ఈసారి తీసేటప్పుడు ఫోన్‌ని ముందు నిటారుగా ఎత్తి, స్క్రీన్ మీది గుర్తులు సరైన వైపు తిరిగాయో లేదో చూసుకుని, అప్పుడు మెల్లగా కిందికి వంచి తీయండి.