వెళ్లే దారి ఉన్నవాడి విశ్వాసం

చిరంజీవులకు ఆశీస్సులు.

2025 మేలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో ఆటగాడు ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్‌ను సొంత అభిమానులే గేలి చేయడం చూసి, అతడు లివర్‌పూల్‌కు ద్రోహం చేశాడా అని అడిగారు. ఆరేళ్ల వయసులో ఆ క్లబ్బు అకాడమీలో చేరి అక్కడే పెరిగినవాడు, కాంట్రాక్టు పొడిగించుకోకుండా స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్‌కు వెళ్తానంటే ఆ ఊరివారి మనసు నొచ్చుకోవడం సహజమే. ఆ బాధను నేను తక్కువ చేయను. అయినా ద్రోహమనే మాట అనే ముందు ఒక పాత సంగతి వినండి.

1952లో ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్ నార్త్ ఎండ్ క్లబ్బు ఆటగాడు టామ్ ఫిన్నీని ఇటలీలోని పలెర్మో క్లబ్బు పిలిచింది. చేరగానే 10,000 పౌండ్లు, నెలకు 130 పౌండ్లు, భవంతి, కారు ఇస్తామన్నారు. ఇంగ్లండ్‌లో అప్పుడు ఎంతటి ఆటగాడికైనా జీతానికి గరిష్ఠ పరిమితి ఉండేది; 1961లో దాన్ని ఎత్తివేసేనాటికి కూడా అది వారానికి 20 పౌండ్లే. ప్రెస్టన్ యాజమాన్యం ససేమిరా అంది. ఫిన్నీ ఉండిపోయి, ప్లంబింగ్ పని కూడా చేసుకుంటూ ఆడాడు. ఆ ఊరిమీద ఆయనకున్న ప్రేమ నిజమైనదే, కానీ ఆ ఏడాది ఆయనను ఆపింది ప్రేమ కాదు.

ఎందుకంటే కాంట్రాక్టు గడువు తీరినా ఆటగాడి రిజిస్ట్రేషన్, అంటే అతడు ఎవరి తరఫున ఆడవచ్చో తేల్చే నమోదు, క్లబ్బు చేతిలోనే ఉండేది. మన ఊళ్లలో అప్పు లేని జీతగాడైనా ఏడాది నిండాక మరో ఇంటికి మారగలిగేవాడు. ఆ ఆటగాళ్లకు ఆ వీలు లేదు. తన క్లబ్బు న్యూకాజిల్ యునైటెడ్ వదలనందుకు జార్జ్ ఈస్ట్‌హామ్ 1960లో ఆట మానేసి వేరే ఉద్యోగం చేశాడు. చివరికి ఆర్సెనల్ క్లబ్బుకు వెళ్లగలిగినా దావా నడిపించాడు, 1963లో న్యాయస్థానం ఆ పద్ధతి అన్యాయమని తేల్చింది. గడువు తీరినవారు బదిలీ రుసుము (కొత్త క్లబ్బు పాత క్లబ్బుకు ఇచ్చే సొమ్ము) లేకుండా యూరోపియన్ యూనియన్‌లోని మరో దేశపు క్లబ్బుకు వెళ్లవచ్చన్న తీర్పు 1995లో, బెల్జియం ఆటగాడు బోస్మన్ కేసులో వచ్చింది. ఈనాటి ఆటగాళ్లు గడువు దగ్గర పడ్డాక ధైర్యంగా బేరమాడగలుగుతున్నారంటే అది వీళ్లు పడ్డ కష్టం వల్లనే.

మీరు కొలిచే లివర్‌పూల్ కెప్టెన్ స్టీవెన్ జెరార్డ్ సంగతీ చెబుతాను. 2005లో ఇస్తాంబుల్‌లో యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ గెలిచిన కొద్ది వారాలకే కాంట్రాక్టు చర్చలు బెడిసి, జులైలో వెళ్లిపోతానని ప్రకటించాడు. అతని జెర్సీని కొందరు తగలబెట్టారు. మర్నాటికి మనసు మార్చుకుని నాలుగేళ్ల ఒప్పందం చేసుకున్నాడు, 2015 దాకా ఆ జట్టుకే ఆడాడు. లండన్ క్లబ్బు చెల్సీకి వెళ్లే దారి కళ్లముందే ఉండగా అతడు ఆ ఒక్క రాత్రి పడిన మథనం, నా దృష్టిలో, ఫిన్నీ కదలలేకపోయిన ఏళ్లకంటే క్లబ్బుకు దక్కిన పెద్ద గౌరవం.

మీ తాతయ్య