అమెరికా రాజ్యాంగంలో ‘జనరల్ వెల్ఫేర్’: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో ఒక కౌంటీ (జిల్లా లాంటిది) ప్రభుత్వానికి లాయర్‌గా నేను రోజూ చదివేవి ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, గ్రాంట్ ఒప్పందాలు. రోడ్డుకో, ఆస్పత్రికో వాషింగ్టన్ నుంచి డబ్బు వస్తుంది, దాని వెంటే షరతులూ వస్తాయి. వాటిలో ఏవి చెల్లుతాయో తేల్చాలంటే రాజ్యాంగం ఒకటో అధికరణం, 8వ సెక్షన్, మొదటి క్లాజు దగ్గరికే వెళ్లాలి. సార్వజనిక సంక్షేమం (‘జనరల్ వెల్ఫేర్’) కోసం పన్నులు, ఖర్చుల అధికారం ఇచ్చే క్లాజు అది. ఇక్కడి తెలుగువాళ్లు ఆ క్లాజు మీద గట్టిగా వాదించుకోవడం తరచూ వింటుంటాను. ఇరువైపులా అపోహలున్నాయి.

అపోహ: “సంక్షేమం అని రాజ్యాంగంలోనే ఉంది. జనానికి మేలైతే కాంగ్రెస్ ఏ చట్టమైనా చేసుకోవచ్చు.”

కుదరదు. ఆ మాట రాజ్యాంగంలో రెండు చోట్ల ఉంది. ఒకటి ప్రవేశికలో. ప్రవేశిక నుంచి ఏ అధికారమూ పుట్టదని 1905లో మసాచుసెట్స్ మశూచి టీకాల కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. రెండోది పన్నుల క్లాజులో: పన్నులు వసూలు చేసి అప్పులు తీర్చడానికి, దేశ రక్షణకు, సార్వజనిక సంక్షేమానికి వాడే అధికారం. కాబట్టి సంక్షేమం పేరుతో కాంగ్రెస్ ఖజానా తెరవగలదు. ఆ పేరుతోనే ఒక పనిని నేరంగా ప్రకటించడం మాత్రం కుదరదు. జనాన్ని నేరుగా శాసించాలంటే రాష్ట్రాల మధ్య వాణిజ్యం, తపాలా, దివాలా, పౌరసత్వం వంటి మరో అధికారం చూపించాలి.

1995 నాటి లోపెజ్ కేసు చూడండి. శాన్ ఆంటోనియోలో 12వ తరగతి కుర్రాడు బడికి తుపాకీ తెచ్చాడు. బడుల దగ్గర తుపాకులను నిషేధించే ఫెడరల్ చట్టం కింద శిక్ష పడింది. పిల్లల భద్రతను మించిన సంక్షేమం ఏముంటుంది? అయినా ప్రభుత్వ లాయర్లు సంక్షేమం జోలికి పోలేదు, వాణిజ్య అధికారం మీదే వాదించారు. కోర్టు 5–4తో ఆ చట్టాన్ని కొట్టేసింది. బడిలో తుపాకీని నేరంగా చూసే సొంత చట్టం టెక్సాస్‌కు అప్పటికే ఉంది.

ఇండియా నుంచి వచ్చినవాళ్లకు ఇది వింతగా తోచడం సహజం. అక్కడ ఏ జాబితాలోనూ లేని విషయం 248వ అధికరణం ప్రకారం పార్లమెంటుకు పోతుంది. ఇక్కడ 1791 నాటి పదో సవరణ ప్రకారం మిగిలినదంతా రాష్ట్రాలది, ప్రజలది.

అపోహ: “కాంగ్రెస్‌కు రాజ్యాంగం ఇచ్చిన అధికారాల జాబితాలో లేని పనికి ఖర్చు పెట్టడమే రాజ్యాంగ విరుద్ధం. మాడిసన్ అదే చెప్పాడు. సోషల్ సెక్యూరిటీ చెల్లదు.”

రాజ్యాంగ రచనలో ముఖ్యుడు, తర్వాత అధ్యక్షుడు అయిన మాడిసన్ అలా చెప్పిన మాట నిజమే. 1817 మార్చి 3న, అధ్యక్ష పదవి దిగే ముందు రోజు, రోడ్లు, కాలువల బిల్లును ఈ కారణంతోనే వీటో చేశాడు. అవి దేశానికి మేలు చేస్తాయని ఒప్పుకుంటూనే చేశాడు. ఆ నిజాయితీకి నేను తలవంచుతాను. కానీ తొలి ఆర్థికమంత్రి హామిల్టన్ 1791లోనే దీనికి విస్తృతమైన అర్థం చెప్పాడు. 1936లో బట్లర్ కేసులో సుప్రీంకోర్టు ఆయన అర్థాన్నే తీసుకుంది (ఆ కేసులోని, రైతులకు డబ్బిచ్చే చట్టాన్ని మాత్రం పదో సవరణ చూపించి కొట్టేసింది). మరుసటి ఏడాదే సోషల్ సెక్యూరిటీ వృద్ధాప్య పింఛన్లు చెల్లుతాయని జస్టిస్ కార్డోజో తీర్పు రాశారు. ఏది దేశమంతటి సంక్షేమమో తేల్చే పని ముందుగా కాంగ్రెస్‌దే అన్నారు. నాకూ హామిల్టన్ వాదనే బలంగా అనిపిస్తుంది. జాబితాలోని పనులకే ఖర్చు పెట్టాలంటే, ఆ క్లాజులో సంక్షేమం అన్న మాట ఉండీ లేనట్టే. ఇండియా రాజ్యాంగం 282వ అధికరణం దీన్ని సూటిగానే రాసింది: చట్టం చేసే అధికారం లేని విషయానికైనా ప్రజాప్రయోజనం కోసం గ్రాంట్ ఇవ్వొచ్చు.

అపోహ: “డబ్బు ఇచ్చేది వాళ్లు కాబట్టి ఏ షరతైనా పెట్టొచ్చు.”

నా పనంతా ఇక్కడే. సౌత్ డకోటాలో అప్పట్లో 19 ఏళ్లు నిండినవాళ్లు 3.2 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు కొనుక్కునేవాళ్లు. మద్యం కొనే వయసు 21కి పెంచని రాష్ట్రాలకు హైవే నిధుల్లో కోత పెడతామని 1984లో కాంగ్రెస్ చట్టం చేసింది. 1987లో కోర్టు 7–2తో దాన్ని సమర్థించింది. కోత 5 శాతమే కాబట్టి అది బలవంతం కాదంది. కానీ షరతు స్పష్టంగా ఉండాలి, ఇచ్చే డబ్బుతో సంబంధం ఉండాలి, రాజ్యాంగం నిషేధించిన పని చేయమనకూడదు అని గీతలు గీసింది.

2012లో బలవంతం అనే గీత దాటిన కేసు వచ్చింది. పేదల ఆరోగ్య బీమా పథకం మెడికెయిడ్‌ను విస్తరించని రాష్ట్రానికి అప్పటికే ఉన్న మెడికెయిడ్ నిధులు కూడా మొత్తం పోవచ్చని ఒబామాకేర్ చట్టం షరతు పెట్టింది. సగటున రాష్ట్ర బడ్జెట్‌లో 10 శాతం పైమాటే. ఇది తలకు తుపాకీ గురిపెట్టడమేనని చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ రాశారు. ఏడుగురు జడ్జీలు బలవంతమేనన్నారు. దాంతో విస్తరణ రాష్ట్రాల ఇష్టమైంది. అందుకే టెక్సాస్‌లో ఆ విస్తరణ లేదు. పిల్లలూ లేని, వైకల్యమూ లేని పేద పెద్దలకు అక్కడ మామూలుగా మెడికెయిడ్ రాదు.

ఒప్పందం చేతికొచ్చాక నేను మొదట చూసేది తేదీలే. ఈ షరతు కాంగ్రెస్ చేసిన చట్టంలో ఉందా, డబ్బు తీసుకున్నాక ఏజెన్సీ చేర్చిందా? గ్రాంట్ ఒప్పందం లాంటిదని, షరతు ముందే స్పష్టంగా తెలియాలని 1981లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీద అచ్చయినంత మాత్రాన షరతు చెల్లదు.

అపోహ: “ఫెడరల్ చట్టమే పైచేయి కాబట్టి రాష్ట్ర అధికారులు అమలు చేయాల్సిందే.”

రెండు చట్టాలు ఢీకొంటే ఫెడరల్ చట్టానిదే పైచేయి. అమలు చేసే చాకిరీ మాత్రం రాష్ట్రాల నెత్తిన రుద్దలేరు. తుపాకీ కొనేవాళ్ల వివరాలు తనిఖీ చేయమని స్థానిక షెరీఫ్‌లను ఆదేశించిన నిబంధనను 1997లో కోర్టు కొట్టేసింది. డబ్బిచ్చి అడగొచ్చు. రాష్ట్రం వద్దంటే ఫెడరల్ ప్రభుత్వం తన సిబ్బందితో, తన ఖర్చుతో ఆ పని చేసుకోవాలి.