చనిపోయినవారి బండి కొనొచ్చా? అపోహలు – వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ టూవీలర్ల షెడ్డు నడుపుతున్నాను. బండి కొంటాం, విప్పి చూస్తాం, బాగుచేసి అమ్ముతాం. మా దగ్గర తరచూ ఒకే చోట తెగిపోయే బేరం ఒకటుంది. బండి నచ్చుతుంది, కిలోమీటర్లు తక్కువే, ధర కూడా కుదురుతుంది. చివర్లో "ఎవరిది బాబాయ్ ఈ బండి?" అని అడుగుతారు. "ఆయన పోయారు, ఇంట్లోవాళ్లు అమ్మేస్తున్నారు" అనగానే హ్యాండిల్ మీదున్న చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. పక్కనే ఉన్న స్నేహితుడు "వద్దురా, మనకెందుకు" అంటాడు.

ఈ భయంతో ఇద్దరూ నష్టపోతున్నారు. సంపాదించే మనిషిని పోగొట్టుకున్న కుటుంబం మంచి బండిని అయినకాడికి ఇచ్చేస్తోంది. కొనేవాళ్లేమో ఆత్మ గురించి ఆరా తీసి, అసలు చూడాల్సిన చాసిస్‌నీ (బండి ఇనుప చట్రం) కాగితాలనీ చూడకుండా వదిలేస్తున్నారు.

అపోహ: పోయినవారి బండి అంటే ప్రమాదంలో పోయిన బండే

చాలాసార్లు కాదు. గుండెపోటుతో పోయినవారివి, జబ్బుచేసి ఆసుపత్రిలో పోయినవారివి, 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో పోయినవారివి కూడా అమ్మకానికి వచ్చాయి, వస్తున్నాయి. ఆ మనిషి కన్ను మూసినప్పుడు బండి ఇంటి వరండాలో కవర్ కింద ఉంది. దాన్ని కూడా 'చావు బండి' అనేస్తారు. తెనాలి దగ్గర ఒక ఊళ్లో ఇలాంటిదే చూశాను. రోజూ పొలానికీ చెరువు గట్టుకీ తప్ప పెద్దగా తిరగని స్ప్లెండర్. ఆయన నిద్రలోనే పోయారు. వచ్చిన బ్రోకర్ "ఈ బండి ఎవరూ కొనరమ్మా, పాత ఇనుము లెక్కన తీసుకెళ్తా" అన్నాడట. ఆ ఇల్లాలు ఇచ్చేయడానికి సిద్ధమైపోయింది కూడా. ఇంజిన్ కవర్ కూడా విప్పని బండి అది. ఇంటి దుఃఖాన్ని అడ్డం పెట్టుకుని ధర తగ్గించడం కన్నా నీచమైన పని మా వ్యాపారంలో ఇంకోటి లేదు.

అందుకే ఎవరైనా అడగాల్సిన మాట "ఆయన ఎలా పోయారు, ఆ రోజు బండి ఎక్కడుంది?" అని. మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

అపోహ: ఒకసారి మనిషిని మింగిన బండి మళ్లీ మింగుతుంది

దీనికి మాత్రం కాస్త ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఎందుకంటే దీని వెనక ఒక నిజం దాగి ఉంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు 75 వేల మంది టూవీలర్ల మీద ఉన్నవారే. హెల్మెట్ లేక పోయినవారు 50 వేల పైమాటే. ఆ బండ్లన్నిటికీ దోషం పట్టిందనుకోవాలా? ప్రాణం పోయిన ప్రమాదమైతే బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి రిపోర్టు రాస్తారు. యంత్రంలో లోపం వల్ల జరిగిందా, కాదా అన్నది అందులో ఉంటుంది. అనుమానం ఉన్నవాళ్లు కుటుంబాన్ని ఆ కాగితం కాపీ అడగండి.

మరి దెబ్బతిన్న బండి తిరిగి ప్రమాదం చేయడం అబద్ధమా అంటే, కాదు. ముందు చక్రం గట్టిగా గుద్దుకున్న బండికి ఆ చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులు వంగుతాయి, ఒక్కోసారి చాసిస్ మెడ దగ్గర కూడా వంగుతుంది. ఫోర్కులు మార్చి, మడ్‌గార్డు మార్చి, ట్యాంకుకు పెయింట్ కొట్టిస్తే బయటికి కొత్త బండే. లోపల చాసిస్ వంకర అలాగే ఉంటుంది. అది నెమ్మదిగా వెళ్తుంటే తెలియదు. వేగం పెరిగాక, వాన పడ్డ రోడ్డు మీద బ్రేక్ వేసినప్పుడు పక్కకు లాగేస్తుంది. రెండో యజమాని కూడా పడితే 'బండి రక్తం మరిగింది' అంటారు. మరిగిందేమీ లేదు. మొదటి దెబ్బను సరిచేయకుండా రంగేసి అమ్మారు, అంతే.

దీన్ని షెడ్డులో ఎలా పట్టుకుంటామో చెబుతాను, మీరూ చూసుకోవచ్చు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరు బరువు పెడితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. ఒక వేలితో హ్యాండిల్‌ని మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) దెబ్బతింది. అది మామూలు అరుగుదలతోనూ వస్తుంది, మారిస్తే పోతుంది. కానీ దాంతోపాటు ఇంకొన్ని కలిస్తే ఆలోచించాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఆపే లాక్ స్టాపర్లు ఉంటాయి, అవి నొక్కుకుపోయి ఉన్నాయా చూడండి. ట్యాంకు ముందు భాగం కింద, చాసిస్ నంబరు కొట్టి ఉండే మెడ దగ్గర టార్చి వేయండి. వెల్డింగ్ చుట్టూ పెయింట్ ముడతలు పడినా, సన్నగా పగిలినా, అక్కడ ఒక్కచోటే కొత్త నలుపు కనిపించినా అది దెబ్బ గుర్తే. తర్వాత ఒక దారం తీసుకుని వెనక టైరు రెండు వైపులా ఆనించి ముందు టైరు దాకా లాగండి. రెండు వైపులా ఖాళీ సమానంగా రావాలి. ముందు టైరు సన్నం కాబట్టి ఖాళీ ఉండటం తప్పు కాదు, తేడా ఉండటం తప్పు. చాసిస్ వంగిందని తేలితే ఎంత చవకగా ఇచ్చినా ఆ బండి కొనకండి. చెయ్యి తిరిగిన మెకానిక్ సాగదీసి సరిచేస్తానన్నా నేను నమ్మను.

ప్రమాదం కేసులో ఉన్న బండికి ఇంకో చిక్కు కూడా ఉంటుంది. ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కిన బండిని కొన్నిసార్లు కోర్టు పూచీకత్తు మీద కుటుంబానికి అప్పగిస్తుంది. కేసు తేలేవరకు అమ్మకూడదు, మార్పులు చేయకూడదు అని షరతు ఉండొచ్చు. ఆ ఆర్డరు కాపీ చదివాకే అడ్వాన్సు ఇవ్వండి.

అపోహ: ఆయన ఆత్మ బండి మీదే ఉంది, అందుకే మధ్యలో ఆగిపోతోంది

"సరిగ్గా ఆ మలుపు దగ్గరికి రాగానే ఆగిపోతోందన్నా." "రాత్రిపూట లైటు దానంతట అదే ఆరిపోతోంది." ఇవి నిజంగా మా దగ్గరికి వచ్చే ఫిర్యాదులు. ఆ మాట చెప్పేవాళ్లు అబద్ధం ఆడటం లేదు, బండి నిజంగానే ఆగుతోంది.

పోయినవారి బండి మామూలుగా నెలల తరబడి కదలదు. దాన్ని చూస్తేనే ఇంట్లోవాళ్లకు ఏడుపొస్తుంది, ఎవరూ ముట్టుకోరు. ఈలోగా ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీల్చుకుంటుంది, ట్యాంకు లోపల తుప్పు మొదలవుతుంది. కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కు పంపేది) ఉన్న బండ్లలో, దాని ఫ్లోట్ గిన్నె అడుగున పెట్రోలు ఎండి బంకలా పేరుకుంటుంది. యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు పెట్రోలు అందించే స్లో జెట్ రంధ్రం వెంట్రుకంత సన్నంగా ఉంటుంది, చిన్న నలుసు పడినా మూసుకుపోతుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయిన బండి, మలుపు దగ్గర యాక్సిలరేటర్ తగ్గించగానే ఆగేది అందుకే. ఆ మలుపు కాకపోయినా, యాక్సిలరేటర్ తగ్గించిన ప్రతిచోటా ఆగుతుంది. 2020 తర్వాత వచ్చిన బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లలో ఎక్కువ వాటికి కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు. వాటికి కూడా చెడిన పెట్రోలు పడదు. ఇక లైటు ఆరిపోవడం, హారన్ దానంతట అదే మోగడం అంటే ముందు వైరింగ్ చూడాలి. షెడ్లలో ఎలుకలు వైర్ల తొడుగు కొరికేస్తాయి, హెడ్‌లైట్ డూమ్ లోపల అన్ని వైర్లూ ఒకచోట కుక్కి ఉంటాయి, నీళ్లు దిగితే షార్ట్ అవుతుంది.

ట్యాంకు కడిగించి, కార్బురేటర్ విప్పించి, బ్యాటరీ, ప్లగ్, టైర్లు, బ్రేక్ షూలు, ఇంజిన్ ఆయిల్ మార్పించండి. ఈ ఖర్చు లెక్కేసుకుని దానికి తగ్గట్టు బేరమాడటం న్యాయం. దెయ్యం పేరు చెప్పి తగ్గించడం న్యాయం కాదు.

రాజస్థాన్‌లో పాలీ – జోధ్‌పూర్ రోడ్డు మీద ఓం బన్నా గుడి ఉంది. ప్రమాదంలో పోయిన యువకుడి 350 సీసీ బుల్లెట్, నంబరు ఆర్ఎన్‌జె 7773, అక్కడ అద్దాల మధ్య పెట్టి పూజలందుకుంటోంది. పోలీసులు స్టేషన్‌కు తీసుకెళ్తే తెల్లారేసరికి తిరిగి ప్రమాదం జరిగిన చోటికే వచ్చేదని కథ. ఆ దారిన పోయే డ్రైవర్లు క్షేమం కోరి దండం పెట్టుకుని వెళ్తారు. పోయినవాడి బండి ఇక్కడ కీడు, అక్కడ కాపుదల.

అపోహ: శాంతి చేయిస్తే, నంబరు కలిస్తే, శనివారం కాకుండా కొంటే చాలు

పూజ చేయించుకోండి. ఇంద్రకీలాద్రి కింద రోజూ ఎన్ని బండ్లకు పూజ జరుగుతుందో చూస్తూనే ఉన్నాం, నేనూ చేయిస్తాను. నిమ్మకాయలు తొక్కిస్తే మనసుకు ధైర్యం వస్తే మంచిదే. బ్రేకులు మాత్రం నిమ్మకాయలతో పట్టవు. నంబరు కూడితే ఎనిమిది వచ్చిందని బండి వదులుకున్నవాళ్లు, ఇనుము శనివారం ఇంటికి తేకూడదని ఆదివారం దాకా ఆగినవాళ్లు మా దగ్గర చాలామంది. ఒకరోజు ఆగితే నష్టం లేదు. ఆ ఒక్కరోజులో ఛలాన్లు ఎన్ని పెండింగ్ ఉన్నాయో ఆన్‌లైన్‌లో చూసుకోండి.

అపోహ: ఇంట్లోవాళ్లు సంతకం పెడితే బండి మనదే

కాదు. కొన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆర్సీ ఇంకా చనిపోయిన ఆయన పేరు మీదే ఉంది. ఆయన పేరుతో, అమ్మకానికి వాడే 29, 30 ఫారాల మీద ఎవరో సంతకం గీకి, పాత తేదీ వేసి 'పని అయిపోతుంది' అనే బ్రోకర్లున్నారు. అది దొంగ సంతకం, నేరం.

పద్ధతి ఏమిటంటే, బండి ముందు వారసుల పేరు మీదికి మారాలి, ఆ తర్వాతే మీ పేరు మీదికి. మొదటిదానికి ఫారం 31. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం యజమాని పోయిన 30 రోజుల్లో ఆర్టీఏకు సమాచారం ఇస్తే, వారసులు మూడు నెలల వరకు బండి వాడుకోవచ్చు. ఆ మూడు నెలల్లోపు ఫారం 31 పెట్టాలి. గడువు దాటితే జరిమానా పడొచ్చు గానీ దారి మూసుకుపోదు. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న అఫిడవిట్, ఆర్సీ, ఇన్సూరెన్సు దగ్గర పెట్టుకోమనండి. 2021 నుంచి ఆర్సీలో నామినీని రాసుకునే వీలు కూడా వచ్చింది. రాసి ఉంటే పని తేలిక.

వారసులంటే ఎవరన్నది కూడా తెలుసుకోవాలి. హిందూ వారసత్వ చట్టంలో మొదటి వరసలో భార్య, కొడుకులు, కూతుళ్లతోపాటు తల్లి కూడా ఉంది. పెళ్లికాని కుర్రాడు పోతే తండ్రి వచ్చి బేరమాడతాడు, సంతకం నేను పెడతానంటాడు. చట్టం ప్రకారం మొదటి వారసురాలు ఆ తల్లి. పెళ్లయి వెళ్లిపోయిన కూతురిని లెక్కలో వేయకపోవడం కూడా మామూలే, ఆమెకూ సమాన హక్కుంది.

బండి మీద ఫైనాన్సు ఉంటే అప్పిచ్చినవాళ్ల ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), అప్పు తీరిందని చూపే ఫారం 35 కావాలి. తెలంగాణ బండిని ఆంధ్రాకు తెస్తుంటే అక్కడి ఆర్టీఏ ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్సు అదనం. పేరు మారేవరకు పూర్తి డబ్బు ఇవ్వకండి.

ఇది కుటుంబం మంచికి కూడా. ఆర్సీలో ఎవరి పేరుంటే వారే యజమాని, నష్టపరిహారం బాధ్యత వారిదే అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పేరు మార్చకుండా బండి అప్పగిస్తే, రేపు ఎక్కడో ఎవరో గుద్దిన కేసులో నోటీసు ఆ ఇంటికే వస్తుంది.

అపోహ: ఆయన పోయాక ఇన్సూరెన్సు కాగితంతో పనిలేదు

దయచేసి దీన్ని పోగొట్టుకోకండి. పాలసీదారుడు పోయిన మూడు నెలల వరకు, లేదా పాలసీ గడువు ముగిసేవరకు, ఏది ముందైతే అంతవరకు అది చెల్లుతుంది. వారసులు ఈలోగా తమ పేరు మీదికి మార్చుకోవచ్చు.

అంతకన్నా పెద్ద విషయం ఇంకోటి ఉంది. యజమానే బండి నడుపుతూ ప్రమాదంలో పోతే, పాలసీలో ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటే, 15 లక్షలు నామినీకి వస్తాయి. చెల్లే లైసెన్సు ఉండాలి, మద్యం తాగి ఉండకూడదు. తప్పు ఎదుటివాడిదా మనదా అన్న ప్రశ్నతో దీనికి పనిలేదు. ఇది తెలియక, దరిద్రం వదిలిందనుకుని బండిని కాగితాలతో సహా ఇచ్చేసిన కుటుంబాలున్నాయి. బండి అమ్మకానికి తెచ్చినవాళ్లను నేను ముందు అడిగేది "పాలసీ చూశారా అమ్మా" అని. లోను ఉంటే, దాంతోపాటు లోన్ ఇన్సూరెన్సు కట్టించుకున్నారేమో కూడా చూడాలి. ఉంటే మిగిలిన వాయిదాలు ఆ ఇంట్లోవాళ్లు కట్టక్కర్లేకపోవచ్చు. కొనడానికి వెళ్లినవాళ్లు కూడా ఈ ఒక్క మాట వాళ్ల చెవిన వేసి రండి.

అపోహ: ఏడాది తిరక్కుండా బండి అమ్మితే పోయినవారికి అపచారం

ఇది ఇంట్లోవాళ్ల మనసుకు సంబంధించింది, దాన్ని నేను కాదనను. పెద్దకర్మ అయ్యేదాకా ఎవరూ బేరానికి వెళ్లకూడదు. సంవత్సరీకం దాకా ఆగాలనుకునే ఇల్లు ఆగవచ్చు. అయితే ఫారం 31 పనికీ ఇన్సూరెన్సు పనికీ ఏడాది ఆగకండి, వాటికి గడువులున్నాయి. బండిని మాత్రం ఇలా పెట్టండి: ట్యాంకు, కార్బురేటర్ లోని పెట్రోలు తీసేయండి. బ్యాటరీ వైర్లు విప్పి, బ్యాటరీని నెలకోసారి చార్జింగ్ పెట్టించండి. సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి చక్రాలు అప్పుడప్పుడు చేత్తో తిప్పండి. చైనుకు ఆయిల్ రాయండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ పడుతుంది, పాత దుప్పటి కప్పండి. రెండో తాళం ఎక్కడుందో వెతికి ఆర్సీతోపాటు ఒకే కవర్‌లో పెట్టండి, తాళం లేదని కొనేవాళ్లు ధర తగ్గించేస్తారు.