డైనోసార్ బొమ్మలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: పొలుసులు ఎంత స్పష్టంగా చెక్కితే బొమ్మ అంత నిజంగా ఉంటుంది.

వాస్తవం: దాదాపు తలకిందులు. శిలాజాల్లో దొరికిన టైరనోసారస్ చర్మం ముద్రలు చూస్తే, పొలుసులు చాలావరకు 5 మిల్లీమీటర్ల లోపే. 12 మీటర్ల జంతువును 1:40 స్కేల్‌లో చేస్తే బొమ్మ 30 సెంటీమీటర్లు వస్తుంది. ఆ లెక్కన పొలుసు 0.12 మిల్లీమీటర్లు, అంటే కంటికి ఆనదు. శాస్త్రం ప్రకారం ఒళ్లు నున్నగా వదిలేయాలి. కానీ అలా వదిలేస్తే మైనపు బొమ్మలా ఉంటుంది, చూసేవాళ్లకు నచ్చదు. అందుకని పుట్టీ (బొమ్మ చేసే ముద్ద) ఇంకా మెత్తగా ఉండగానే మెడ మడతల్లో, మోకాలి వెనక సూది మొనతో చుక్కలు పెడతాను. పొట్ట, తొడలు నున్నగానే వదిలేస్తాను. ఆ చుక్కలు అబద్ధమే, ఒప్పుకుంటాను. ఇక్కడ స్టైల్ అంటే అబద్ధం ఎక్కడ ఆపాలో తెలియడమే.

అపోహ: ఎముకలే కదా దొరికేది, రంగులూ ఈకలూ మన ఇష్టం.

వాస్తవం: అన్నిటికీ కాదు. సైనోసారోప్టెరిక్స్ అనే డైనోసార్ తోక మీద ఎరుపు గోధుమ రంగు, తెలుపు పట్టీలు ఉండేవని 2010లో ఈకల్లోని రంగు కణికల ఆధారంగా చెప్పారు. వెలాసిరాప్టర్ ముంజేతి ఎముక మీద ఈకలు అతుక్కున్న బుడిపెలు 2007లో బయటపడ్డాయి. కాబట్టి దానికి ఈకలు పెట్టాల్సిందే, బేరాల్లేవు. టైరనోసారస్ రంగు మాత్రం ఎవరికీ తెలియదు. అక్కడ మీ ఇష్టం.

అపోహ: పుర్రె గుంటలు, పక్కటెముకలు బయటికి కనిపిస్తేనే అనాటమీ తెలిసినట్టు.

వాస్తవం: ఈకలు పీకేసిన కోడిని చూడండి, మెడ ఎంత సన్నగా తేలుతుందో! బతికున్నప్పుడు అది కనిపిస్తుందా? కండ, కొవ్వు, ఈకలు అన్నీ కప్పేస్తాయి.

అపోహ: మాంసాహార డైనోసార్ల అరచేతులు నేల వైపు వేలాడుతుంటాయి.

వాస్తవం: మణికట్టు అలా తిరగదు. చప్పట్లు కొట్టబోతున్నట్టు ఎదురెదురుగా పెట్టండి, చాలు.

అపోహ: ఒకసారి కరెక్ట్‌గా చేస్తే ఎప్పటికీ కరెక్టే.

వాస్తవం: లండన్ క్రిస్టల్ ప్యాలెస్ పార్కులో 1854 నాటి ఇగ్వానోడాన్ విగ్రహానికి ముక్కు మీద కొమ్ముంటుంది. అది నిజానికి చేతి బొటనవేలు! 1878లో బెల్జియంలో అస్థిపంజరాలు దొరికాకే తేలింది. నవ్వుకున్నాను గానీ, స్పైనోసారస్‌కు తెడ్డులాంటి తోక ఉందని 2020లో తేలేసరికి నా బొమ్మ రంగులతో సహా పూర్తయి షెల్ఫ్‌లో ఉంది. తోక రంపంతో కోసి కొత్తది అతికించాను. అతుకు దగ్గర రంగు తేడా ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.