అద్దె ఖాతా: అపోహలు - వాస్తవాలు

"ఖాతా మాత్రమే నాది సార్, అందులో డబ్బు నాది కాదు."

నేను లాయరును. శ్రీకాకుళంలో నా ఆఫీసు గదిలో ఈ మాట వినకుండా నెల గడవడం లేదు. చెప్పేవాడికి ఇరవై, ఇరవై రెండేళ్లు ఉంటాయి. పక్కన తల్లో తండ్రో నిలబడి ఉంటారు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన నోటీసు, దాని మీద ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్న పోలీసు స్టేషను ముద్ర. ఈ ఒక్క మాటతో తాను బయటపడినట్టేనని ఆ కుర్రాడు నిజంగా నమ్ముతుంటాడు. దర్యాప్తు ఆ మాట దగ్గరే మొదలవుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. అందుకే ఇవాళ ఈ ఒక్క అపోహ గురించే వివరంగా రాస్తున్నాను. మిగిలినవి చివర్లో క్లుప్తంగా చెబుతాను.

అపోహ: నా ఖాతా, నా ఇష్టం. డబ్బు ముట్టుకోకపోతే నాకేమీ కాదు.

ముందు ఈ బేరం ఎలా నడుస్తుందో చెప్పాలి. స్నేహితుడికి స్నేహితుడు ఒకడు వస్తాడు. "మా కంపెనీకి పన్ను ఇబ్బంది ఉంది, కొన్నాళ్లు నీ ఖాతా వాడుకుంటాం" అంటాడు. ఒక్కోసారి ఆన్‌లైన్ గేమింగ్ అంటాడు, ఒక్కోసారి క్రిప్టో అంటాడు. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, పిన్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు, ఖాతాకు జతచేసిన సిమ్ కార్డు, అన్నీ ఒక కవరులో పెట్టి ఇవ్వమంటాడు. చేతిలో అయిదు వేలో ఎనిమిది వేలో పెడతాడు. డిగ్రీ పూర్తయి ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్లాడికి అది తేరగా వచ్చిన డబ్బులా కనిపిస్తుంది.

తర్వాత జరిగేది అతనికి కనిపించదు. ఎక్కడో ఒక పెద్దాయన మోసపోయి పంపిన డబ్బు ఈ ఖాతాలో పడుతుంది. నిమిషాల్లో ముక్కలై మరో పది ఖాతాలకు వెళ్లిపోతుంది. అక్కడి నుంచి నగదుగానో క్రిప్టోగానో మాయమవుతుంది. పెద్దాయన సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేస్తాడు. ఫిర్యాదు నమోదు కాగానే ఆ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లిందో బ్యాంకులు వరసగా చూస్తాయి. ప్రతి మెట్టు మీదా ఒక పేరు, ఒక ఫోటో, ఒక ఆధార్ నంబరు ఉంటాయి. మోసగాడి పేరు ఆ వరసలో ఎక్కడా ఉండదు. మొదటి మెట్టు మీద ఉన్నది మన కుర్రాడు. పోలీసులు రావాల్సింది ఆ ఇంటికే, వస్తారు కూడా.

చట్టం విషయానికి వస్తే, పాత ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 318(4) కింద మోసానికి ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. దొంగ సొత్తు అని తెలిసి తీసుకుంటే 317, కుట్రకు 61. ఫోను, కంప్యూటరు వాడి వేరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు. ఇవన్నీ ప్రతి అద్దె ఖాతాదారుడికీ రుజువవుతాయని నేను అనడం లేదు. "తెలిసి చేశాడు" అని నిరూపించాల్సిన భారం ప్రాసిక్యూషన్ మీదే ఉంటుంది. ఆ వాదన నేనే ఎన్నోసార్లు చేశాను. కానీ కోర్టు చూసేది ఏమిటి? డబ్బు తీసుకున్నావా? పిన్ నంబరు నువ్వే చెప్పావా? సిమ్ తీసి చేతికిచ్చావా? ఈ మూడింటికీ అవునని చెప్పాక "నాకేమీ తెలియదు" అనే మాటకు బలం తగ్గిపోతుంది.

పైగా ఆ వాదన వినిపించేది విచారణ మొదలయ్యాక. అప్పటిదాకా పడే తిప్పలు వేరు. వేరే రాష్ట్రం కోర్టుకు వాయిదాలకు వెళ్లాలి. అక్కడ లాయరును పెట్టుకోవాలి, జామీనుదారులను వెతుక్కోవాలి. మన జిల్లాలో తెల్లవారుజామున ఏ రోడ్డు మీద చూసినా సైన్యంలో చేరడానికి పరుగులు తీసే పిల్లలు కనిపిస్తారు. ఎంపికయ్యాక పోలీసు విచారణ ఉంటుంది, కేసు ఉంటే అక్కడ ఆగిపోతుంది. వెల్డరుగా, ఫిట్టరుగా గల్ఫ్‌కు వెళ్దామనుకునే వాళ్లకు మరో అడ్డంకి: కోర్టులో క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించే అధికారం 1967 నాటి పాస్‌పోర్టుల చట్టంలోనే ఉంది. కోర్టు అనుమతి తెచ్చుకునే దారి లేకపోలేదు. దానికీ డబ్బు, కాలం కావాలి.

మా తాతకు చదువు రాదు. భూమి కాగితమైనా, సొసైటీ అప్పు కాగితమైనా వేలిముద్ర వేసే ముందు ఇద్దరి చేత చదివించుకునేవాడు. ఒకరు చదివింది రెండోవారితో సరిచూసుకునేవాడు. ముద్ర వేశాక బొటనవేలి సిరా తల వెంట్రుకలకు తుడుచుకుంటూ, కాగితం మడిచి లోపల పెట్టేదాకా దాని మీంచి చూపు తిప్పేవాడు కాదు. ఒకసారి బంధువు అప్పుకు హామీగా ముద్ర వేసి రెండేళ్లు ఆ బాకీ కట్టాడట, ఆ భయం అలా మిగిలిపోయింది. అదే ఇంట్లో పుట్టిన మా చిన్నాన్న మనవడు ఆమధ్య తన ఏటీఎం కార్డు, పిన్ తనతో గదిలో ఉండే స్నేహితుడికి ఇచ్చి ఊరికి వచ్చేశాడు. అడిగితే "కార్డే కదా" అన్నాడు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వమంటే ఆ పిల్లాడు కూడా ఇవ్వడు. కార్డు, పిన్, సిమ్ మూడూ కలిస్తే అంతకంటే పెద్ద సంతకమని వాడికి తోచలేదు. వాడిని తప్పుపట్టి లాభం లేదు. సంతకం కాగితం మీద ఉన్నప్పుడు దాని బరువు పెద్దవాళ్లు నేర్పేవారు. అది ఫోనులోకి వెళ్లాక మనం నేర్పడం మానేశాం.

ఇక ఈ రాత రాయించిన మనిషి గురించి. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

పలాస వైపు నుంచి ఒక తల్లి కొడుకుతో వచ్చింది. జీడిపప్పు బట్టీలో పని. నోటీసు నాకివ్వడానికి చెయ్యి చాచినప్పుడు ఆమె వేళ్లు చూశాను. జీడిగింజ పెంకులోని నూనె తగిలి కొనలు నల్లబడి, చర్మం పొరలుగా లేచి, నున్నగా అరిగిపోయి ఉన్నాయి. కొడుకు ఖాతాను ఎనిమిది వేలకు ఇచ్చాడు. రెండు రోజుల్లో అందులోంచి పద్నాలుగు లక్షలు వచ్చి వెళ్లాయి. మూడో రోజు ఖాతా ఫ్రీజ్ అయింది, అంటే లావాదేవీలన్నీ నిలిపేశారు. ఇదంతా నాకు కొత్త కాదు. ఆమె తర్వాత అన్న మాట కొత్త.

"బాబూ, వాడి సంగతి మీరు చూడండి. అందులో నా కూలి డబ్బులు ముప్పై ఒక్క వేలు ఉన్నాయి. అవి ఎప్పుడు ఇస్తారు?"

ఆమె కూలి కొడుకు ఖాతాలో ఎందుకుంది? యంత్రం మీద ఆమె వేలిముద్ర పడదు. రెండుసార్లు ఖాతా తెరవడానికి వెళితే రెండుసార్లూ వేలు పెట్టమన్నారు, పడలేదు, తర్వాత రమ్మన్నారు. మూడోసారి ఆమె వెళ్లలేదు. ఆ పని చేసి చేసి వేలి గీతలు పోయాయి. గీతలు లేవు కనుక ఆ పనికి వచ్చిన కూలి తన పేరు మీద దాచుకోలేకపోయింది. కొడుకు ఎనిమిది వేలకు ఇచ్చింది తన ఖాతా మాత్రమే అనుకున్నాడు. తల్లి ఏడాది కష్టం కూడా అందులోనే ఉందని ఆ క్షణంలో అతనికి గుర్తు రాలేదు. నా గదిలో ఆమె ఆ మాట అన్నప్పుడు మాత్రం తల వంచి నేల చూపులు చూశాడు.

వేలిముద్ర పడకపోవడం ఖాతా నిరాకరించడానికి కారణం కాదు. కనుపాపతోనో, ముఖం గుర్తింపుతోనో, ఆధార్‌కు జతచేసిన ఫోనుకు వచ్చే ఓటీపీతోనో ధ్రువీకరణ చేయవచ్చు. జీడి బట్టీల్లో, ఇటుక బట్టీల్లో, సముద్రం మీద పనిచేసేవాళ్లు ఈ మాట గట్టిగా అడగండి. "తర్వాత రండి" అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి.

ఇప్పటికే ఖాతా ఇచ్చేసి ఉంటే?

రాత్రిళ్లు నిద్ర పట్టని వాళ్లు ఇది చదవండి. ఇవాళే బ్యాంకుకు స్వయంగా వెళ్లండి. ఖాతాలో లావాదేవీలు ఆపమని రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. సిమ్ బ్లాక్ చేయించండి. ఖాతా తీసుకున్నవాడితో జరిగిన వాట్సాప్ సంభాషణ, కాల్ వివరాలు, వాడు డబ్బు పంపిన ఆధారం ఏదీ చెరపవద్దు. మీరు ఏమి నమ్మి ఇచ్చారో చూపించే ఆధారాలు అవే. ఎవరో తెలియని డబ్బు ఖాతాలో పడితే "పొరపాటున పంపాను, ఈ నంబరుకు తిరిగి పంపు" అన్నవాడి మాట వినవద్దు, బ్యాంకుకు చెప్పండి. తర్వాత పోలీసు స్టేషనుకు వెళ్లి జరిగింది చెప్పండి, లాయరును వెంటబెట్టుకుని వెళితే మరీ మంచిది.

నోటీసు వచ్చిందా, దాక్కోవద్దు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద వచ్చే నోటీసు హాజరు కమ్మని పిలుపు. పిలిచినప్పుడల్లా హాజరవుతున్నవారిని, కారణాలు రాసిపెట్టకుండా అరెస్టు చేయకూడదు. పిలుపును లెక్కచేయనివారిని అరెస్టు చేయవచ్చు. ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో యాంత్రికంగా అరెస్టులు చేయవద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రక్షణ అంతా ఎదురుగా వెళ్లి నిలబడినవారికే అక్కరకొస్తుంది. బెంగళూరులో మేనమామ గదిలో దాక్కున్నవారికి కాదు.

లాయరు ఫీజు భరించలేమని ఆగిపోకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఇతరులకు ఆదాయ పరిమితి ఉంటుంది. న్యాయ సహాయం నంబరు 15100కు ఫోను చేయండి, లేదా జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు రండి.

మిగిలినవి క్లుప్తంగా

చాట్ చెరిపేస్తే సాక్ష్యం ఉండదు. అబద్ధం. అవతలి ఫోనులో ఉంటుంది, డబ్బు కదలిక బ్యాంకులో ఉంటుంది. చెరిపినందుకు అనుమానం పెరుగుతుంది.

ఖాతాలో రూపాయి లేకుండా తీసేస్తే కేసు ఉండదు. ఇది ఎవరు పుట్టించారో గానీ ఊరూరా తిరుగుతోంది. నమ్మినవాళ్లు మునిగారు.

ఫ్రీజ్ అయితే ఆ డబ్బు ఇక పోయినట్టే. కాదు. వివాదంలో ఉన్న మొత్తం వరకే నిలిపి మిగతాది వదలమని అర్జీ పెట్టుకోవచ్చు. అలా ఆదేశించిన హైకోర్టు తీర్పులు ఉన్నాయి. ఓపిక పట్టాలి, కాగితాలు సరిగ్గా ఉండాలి.

నా పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో తెలుసుకునే దారి లేదు. ఉంది. కేంద్రం 2023లో తెచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు, మీవి కానివాటి మీద అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

విదేశంలో డేటా ఎంట్రీ ఉద్యోగం, ఏజెంటు మనవాడే. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తు చేసుకోండి. ఇలాంటి ఉద్యోగాలని చెప్పి తీసుకెళ్లిన కుర్రాళ్ల చేత కాంబోడియాలో సైబర్ మోసాలు చేయించారు. బాధితుల్లో మన ఉత్తరాంధ్ర పిల్లలు ఉన్నారు. ఇక్కడి పిల్లాడి ఖాతా అద్దెకు, అక్కడి పిల్లాడి గొంతు అద్దెకు.

పోలీసులు వీడియో కాల్‌లో అరెస్టు చేయగలరు. చేయలేరు. "డిజిటల్ అరెస్టు" అనేది ఏ చట్టంలోనూ లేదు. అరెస్టు అంటే మనిషిని ఎదురుగా అదుపులోకి తీసుకోవడం. కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. కారణం చెప్పడం, 24 గంటల్లో హాజరుపరచడం రాజ్యాంగం 22వ అధికరణ మనకిచ్చిన హామీలు. 35వ సెక్షను నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కూడా. విజయనగరంలో నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఇలాంటి కాల్‌ను నమ్మి రెండు రోజులు పడకగదిలో కూర్చున్నారు. ఫోను మంచినీళ్ల చెంబుకు ఆనించి, కెమెరా తన ముఖం మీదే ఉండేలా పెట్టుకున్నారు. భార్య టీ గ్లాసు గడప దగ్గర పెట్టి వెనక్కి వెళ్లేదట, ఆమె నీడ కూడా కనిపించకూడదని ఆయనే చెప్పారట. రెండో రోజు సాయంత్రం పక్కింటి కుర్రాడు వెళ్లి ఆ ఫోను కట్ చేశాడు. ఆయనను చూసి నవ్వినవాళ్లంటే నాకు కోపం. నలభై ఏళ్లు మచ్చ లేకుండా బతికిన మనిషికి పోలీసు అనే మాటే చాలు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇవాళ రాత్రి అన్నం దగ్గర కూర్చున్నప్పుడు ఈ ఒక్క పేరా చదివి వినిపించండి. డబ్బు పంపేసి ఉంటే తిట్టకండి, వెంటనే 1930కి ఫోను చేయించండి. గంట ఆలస్యమైనా ఆ డబ్బు మరో నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

పలాస తల్లికి ఈ మధ్యే కనుపాప ధ్రువీకరణతో సొంత ఖాతా తెరిపించాం. యంత్రంలోకి చూస్తున్నంతసేపూ రెప్ప వేయవచ్చో లేదో తెలియక ఊపిరి బిగబట్టింది. పాస్‌బుక్కు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని చీర కొంగున చుట్టుకుంది. ఆమె ముప్పై ఒక్క వేల కోసం, బట్టీ యజమాని ఇచ్చిన కూలి చిట్టీలు జతచేసి అర్జీ పెట్టాం, ఇంకా ఆదేశం రాలేదు. కొడుకు మొదటి పిలుపుకు హాజరై వచ్చాడు, అరెస్టు చేయలేదు. వచ్చే నెల పన్నెండున మళ్లీ రమ్మన్నారు. పలాస నుంచి ఇద్దరికీ టికెట్లు తీశాం.