బుల్లెట్ రింగ్ గ్యాప్: అపోహలు - వాస్తవాలు

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇంజన్లు విప్పి బిగించడమే నా పని. పిస్టన్ చుట్టూ ఉండే రింగు కొసల మధ్య వదిలే సందే రింగ్ గ్యాప్. దాని గురించి షెడ్డుల్లో వినిపించే మాటల్లో సగం ఇంజన్‌కి చేటు చేసేవే.

అపోహ: కొత్త రింగులేగా, ప్యాకెట్ విప్పి వేసేయడమే.

రింగు తయారుచేసినవాడికి మీ బోరు (సిలిండర్ లోపలి రంధ్రం) ఎంతకు కోశారో ఏం తెలుసు? బోరు వ్యాసం 0.1 మి.మీ. పెరిగితే గ్యాప్ 0.31 మి.మీ. పెరుగుతుంది. చుట్టుకొలత వ్యాసానికి 3.14 రెట్లు కదా. అందుకే ప్రతి రింగునూ బోరులో పెట్టి, పిస్టన్‌ తలతో నెట్టి సమంగా కూర్చోబెట్టి, సన్నటి రేకులతో సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో చూడాలి. బోరింగ్ (బోరుని కోయించి పెద్దది చేయడం) చేయించకుండా రింగులు మాత్రమే మారుస్తుంటే సిలిండర్ అడుగు వైపు, అరగని చోట కొలవండి. అరిగిన పైభాగంలో సరిపోయిన రింగు కింద ఇరుక్కుంటుంది.

అపోహ: గ్యాప్ ఎంత తగ్గితే కంప్రెషన్ అంత పెరుగుతుంది.

నేనూ ఇది నమ్మినవాణ్నే. నేర్చుకునే రోజుల్లో ఒక 350 సీసీ బుల్లెట్‌కి 6 థౌ (ఇంచిలో వెయ్యో వంతు ఒక థౌ) గ్యాప్‌తో రింగులు వేసి, భలే టైట్‌గా ఉందని మురిసిపోయాను. ఎండాకాలం. బండి రెండో రోజే ట్రాలీ ఆటోలో తిరిగొచ్చింది. పై రింగు రెండు ముక్కలు, బోరు నిండా నిలువు గీతలు. మళ్లీ బోరింగ్ ఖర్చు నా జేబులోంచే పోయింది.

లెక్క చూడండి. 350 బోరు 70 మి.మీ., చుట్టుకొలత దాదాపు 220 మి.మీ. అంత పొడవు పోత ఇనుము 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.24 మి.మీ. సాగుతుంది. సిలిండరూ సాగుతుంది, కాదనను. కానీ దాని చుట్టూ ఉన్న రెక్కలకు (ఫిన్లకు) గాలి తగులుతుంది, పై రింగేమో మంట పక్కనే ఉంటుంది. రింగు సిలిండర్ కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందంటే 6 థౌ, అంటే 0.15 మి.మీ., ఏ మూలకు? కొసలు ఒకదానికొకటి ఆనాక రింగుకి సాగే చోటు లేక బోరుని గీస్తుంది, లేదా విరుగుతుంది. ఒక్కోసారి పిస్టన్ గాడి అంచునూ ఊడగొడుతుంది.

ఇంచి బోరుకి 4 థౌ అన్నది పాత లెక్క. 70 మి.మీ.కి 11 థౌ వస్తుంది. ఎయిర్ కూల్డ్ బండి ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి నేను 12, 13 థౌ వదులుతాను. మాన్యువల్‌లో అంకె ఉంటే మాత్రం దానిదే పైచేయి. రెండు థౌ ఎక్కువైతే నడిపేవాడికి తెలియను కూడా తెలియదు.

అపోహ: రెండో రింగు గ్యాప్ తక్కువుండాలి.

దానికి వేడి తక్కువ తగులుతుంది కాబట్టి తగ్గించినా ఆనదు, నిజమే. కానీ పై రింగు దాటిన గ్యాస్ రెండిటి మధ్య చిక్కుకుంటే పై రింగుని గాడి అడుగు నుంచి లేపుతుంది. నేను రెండూ సమానంగా, లేదా రెండోది ఒక థౌ ఎక్కువగా పెడతాను.

అపోహ: కొసలు 120 డిగ్రీల దూరంలో పెడితే అలాగే ఉంటాయి.

ఫోర్ స్ట్రోక్‌లో రింగులు తిరుగుతూనే ఉంటాయి. బిగించేటప్పుడు ఒకే వరసలో లేకుండా చూస్తే చాలు, టెన్షన్ వద్దు. ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ వేరే కథ: కొసలు పోర్టులో (సిలిండర్ గోడలోని కిటికీలో) పడి విరగకుండా గాడిలో పిన్ను ఉంటుంది.

అపోహ: గ్యాప్ చాలకపోతే ఎటు గీసినా ఒకటే.

ఆకురాయి ఒక కొసకే తగలాలి, అదీ బయటి ముఖం నుంచి లోపలికి. బయటికి లాగితే క్రోమ్ పూత పెచ్చులూడుతుంది. రెండు గీతలు గీయండి, కొలవండి, మళ్లీ గీయండి. చివర్లో ఆయిల్ స్టోన్‌తో అంచు నునుపు చేయండి.

ఇదే ఆకురాయితో కొందరు 0.25 మి.మీ. ఓవర్‌సైజ్ రింగుని గీసి, అరిగిన స్టాండర్డ్ బోరులో దూరుస్తారు. గ్యాప్ కుదురుతుంది, ఫీలర్ గేజ్ ఒప్పుకుంటుంది. అప్పుడు సిలిండర్ కింద టార్చి పెట్టి పైనుంచి చూడండి. అరిగి కోలగా మారిన బోరైతే రింగు చుట్టూ ఎక్కడెక్కడ వెలుగు కారుతోందో కనిపిస్తుంది.